చెయ్యి సారు

ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది చాగలమర్రి బస్సు కండక్టరు. పంతొమ్మిదివందల అరవైలో, ఎండలు ముదురుతున్న రోజులు. ఆళ్ళగడ్డలో బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. టికెట్టు చింపి ఇస్తూ, "టీచరమ్మా, మీ చెయ్యి సారు పాయె కదా. మొన్న శుక్రారం ఎత్తినారు" అన్నాడు. అతనిదీ సారుదీ ఒకటే పల్లె, ఉయ్యాలవాడ పక్కన. మేము చదువుకునేటప్పుడు పెట్టిన పేరు ఆ పల్లెదాకా ఎట్లా పోయిందో తెలియదు, అక్కడా అందరూ ఆయన్ను చెయ్యి సారనే అనేవాళ్ళు.

"పాయెనా" అని ఒక్క మాట అన్నాను. ఏడుపు రాలేదు. చాగలమర్రి వచ్చేదాకా నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని వాటినే చూస్తూ కూర్చున్నాను. అంతకు పది రోజుల ముందే ఆయన్ను చూసి వచ్చాను. ఆ సంగతి చివరికి చెప్తాను. మొదటే చెప్పమంటే నాకు నోరు రాదు.

యాభైమూడులో నంద్యాల ట్రైనింగు స్కూల్లో చేరేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. మాది ఆళ్ళగడ్డ, క్రైస్తవుల పేట. నాయన లేడు. అమ్మ కలుపు తీసి, కళ్ళాల్లో చెరిగి నన్ను చదివించింది. తాత కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నాం గానీ ఊరివాళ్ళకు మేము అంటరానివాళ్ళమే. పేట నీళ్ళు ఊరు ముట్టదు. ఇది నేనేదో బాధపడుతూ చెప్పడం లేదు, అప్పటికి అది ఎండా వానా ఉన్నట్టే ఉండేది.

ట్రైనింగు స్కూల్లో ఆయన మాకు నీతిశాస్త్రం చెప్పేవాడు. వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలో దానికి పెద్దగా మార్కులు లేవు కాబట్టి ఎవరూ లెక్క చేసేవాళ్ళు కాదు, ఆయన తప్ప. పొట్టి మనిషి. మెడదాకా బొత్తాలు పెట్టిన తెల్లకోటు, మోకాలి కిందికి వేలాడే పంచె, కోటు జేబులో నశ్యం డబ్బా. పాఠం రసపట్టులో ఉండగా ఆగి, పట్టు పట్టి, రెండు తుమ్ములు తుమ్మి, తెగిన వాక్యాన్ని అక్కడినుంచే మళ్ళీ అందుకునేవాడు. బడికి సైకిలుతో వచ్చేవాడు, కానీ ఎక్కి తొక్కగా నేను చూడలేదు. హాండిలుకు ఇత్తడి చెంబు తగిలించి ఉండేది, మూతికి తడిగుడ్డ కట్టి. తొక్కితే నీళ్ళు చిందుతాయని నడిపించుకుంటూ వచ్చేవాడు. చెంబును మొయ్యడానికే సైకిలు కొన్నాడని మేము నవ్వుకునేవాళ్ళం. ఎవరైనా అడిగితే, "నా కడుపు మంచిది కాదప్పా. మా ఇంటి బాయి నీళ్ళు తప్ప పడవు" అనేవాడు.

పాఠం మటుకు అట్లా చెప్పేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. పుస్తకం తెరిచేవాడే కాదు.

"మిట్టమధ్యాన్నం. పొలాల్లో నరమానవుడు లేడు. యెవరి ఎద్దో యెవరి జొన్నచేలోనో పడి మేస్తాంది. నువ్వు దారిన పోతాండావు. తోల్తావా, తోలవా?"

"తోల్తాం సార్" అని అందరం అరిచేవాళ్ళం.

"యెందుకు?"

చిక్కు అక్కడ మొదలయ్యేది. ఆయన బల్ల మీద మూడు సుద్దముక్కలు నిలబెట్టేవాడు. తోలడం నీ పని, చేను పగవాడిదైనా, ఎవరూ మెచ్చుకోకపోయినా, నీ పని నీ పనే అనేవాళ్ళు మొదటి జట్టు. చేను పోతే ఒక ఇంటి తిండి పోతుంది, ఎద్దుకు గడ్డి ఎక్కడైనా దొరుకుతుంది, కాబట్టి ఎవరికెంత మేలో తూచి చెయ్యమనేవాళ్ళు రెండో జట్టు. మూడో జట్టు ఎద్దునూ చేనునూ వదిలేసి నీ వైపు తిరుగుతుంది. ఇట్లా చూసీ చూడనట్టు రోజూ పోతూ ఉంటే, పోను పోను నువ్వు ఎట్లాంటి మనిషివవుతావు అని నిన్ను నిలదీస్తుంది. ఇంక మా చేత కొట్లాట పెట్టించేవాడు. ఆ చేను ఊరికి కాలవ నీళ్ళు రాకుండా గండి పెట్టుకున్నవాడిదైతేనో? ఆ ఎద్దు ఎవరో ముసలమ్మకు ఉన్న ఒక్క ఎద్దైతేనో? జట్లు చీలిపోయేవి, మేమూ చీలిపోయేవాళ్ళం, పక్క క్లాసు పంతులు వచ్చి వాకిట్లో నిలబడి గుర్రుగా చూసేవాడు.

అంతా అయిపోయాక ఆయన గొంతు తగ్గించేవాడు. "మూడు జట్లూ కొట్లాడుకునే దినం కష్టమనుకుంటాండారు మీరు. కాదు. ఆ దినం యేదో ఒక సాకు దొరుకుతాది. మూడూ కలిసి ఒకే మాట చెప్తాయి చూడు, ఆ దినం ఉండాది మనకు." అని, కుడిచెయ్యి మెల్లగా భుజందాకా ఎత్తి, ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూసి, "మూడూ ఒప్పుకున్యాయి. సరే. చెయ్యి లేచిందా?" అనేవాడు.

ఏ పాఠమైనా అక్కడికే వచ్చేది. ఆ పేరు అట్లా పడింది.

ఒకసారి నేను లేచి, "సార్, మీ మూడు జట్లలో మా జట్టు లేదు" అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే.

"యేందీ మీ జట్టు?"

"మేం కూలోళ్ళం. ఎద్దును తోలకపోతే రేప్పొద్దున మమ్మల్నే అడుగుతారు, చేను మీరే మేపినారా అని. భయానికి తోల్తాం."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నాలుగో సుద్దముక్క తీసి నిలబెట్టి దాన్ని చాలాసేపు చూశాడు. "మంచిపని భయంతో చేస్తే దాని విలువెంత అని పెద్దపెద్దోళ్ళు అడిగినారు పాపా. భయపడాల్సిన పని లేనోడు గూడా మంచిపని చెయ్యలేకపోతే, వాణ్ణి యేమనాలో అడిగినోళ్ళు తక్కువ" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు.

పేపర్లు దిద్దడంలో కూడా ఆయన తీరు వేరు. ఎంత బాగా రాసినా చివర ఎర్రసిరాతో ఒకటే ప్రశ్న వేసేవాడు: 'నువ్వు చేస్తావా?' మార్కుల కంటే దానికే జడిసేవాళ్ళం. ఇంకో మాట కూడా ఉండేది ఆయనకు. మంచిపని చేస్తే ఎవరికీ చెప్పకండి, తప్పు చేస్తే ఒక్కరికైనా చెప్పండి, లోపలే పెట్టుకుంటే కుళ్ళుతుంది అనేవాడు. నేనిప్పుడు రాస్తున్నది అందుకే.

రెండో ఏడు, కుందూ ఏరు ఎండిపోయిన ఏప్రిల్ నెలలో, నా చేతుల మీదుగా ఆ చెంబు ఒలికిపోయింది. బోర్డు మీద రాయడానికి పోతూంటే పాఠమప్పుడు ఆయన కిటికీలో పెట్టుకునే ఆ చెంబు నా పైటకొంగు తగిలి కింద పడింది. ఆయనకు అప్పుడే నశ్యం గొంతులోకి పోయి దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. కళ్ళల్లో నీళ్ళు. నేను హాస్టల్లోకి పరుగెత్తి మా కుండలోంచి నా సత్తుగ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చాను. అందుకున్నాడు. ఆ ఒక్క క్షణం నాకెంత సంతోషమైందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

తాగలేదు. గ్లాసు కుడిచేతిలో పట్టుకొని, దగ్గుతూనే పాఠం ఎత్తుకున్నాడు. గంట సేపు చెప్పాడు. మధ్యలో రెండుసార్లు గ్లాసు గుండెదాకా లేచింది, అక్కడే ఆగింది. గంట కొట్టాక దాన్ని కిటికీలో పెట్టి, "కాసేపాగి తాగుతా పాపా" అన్నాడు. సాయంత్రం పోయి చూశాను. నిండుగా ఉంది. పైన ఒక చీమ తేలుతోంది.

నాకు తెలియని సంగతేం కాదు. కాఫీ హోటలు గోడకు మాకోసం వేరే గ్లాసు తగిలించి ఉండేది, మేమే తీసుకొని మేమే కడిగిపెట్టాలి. దానికి నేనెప్పుడూ ఏడవలేదు. ఆ రోజు మటుకు వేపచెట్టు మొదట్లో ఆ నీళ్ళు పారబోసి గ్లాసు ఒళ్ళో పెట్టుకొని ఏడ్చాను. హోటలువాడు నాకు నీతి చెప్పలేదు కదా. ఈయన చెప్పాడు, నేను నమ్మాను. కడుపు జబ్బు చెంబు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. తర్వాతి పరీక్షలో మూడు జట్లనూ పోల్చమని అడిగితే, రెండు పేజీలు రాసి చివర ఇట్లా రాశాను: 'కిటికీలో గ్లాసు విషయంలో మూడు జట్లకూ తగాదా లేదు.' పేపరు తిరిగొచ్చింది. మార్కులు నిండుగా వేశాడు. నా పేపరు మీద మటుకు ఆ పాత ప్రశ్న లేదు. 'నిజం. ఇంకా లేవలేదు' అని ఉంది.

చదువు అయిపోయి ఊరికి పోయే రోజు నన్ను వరండాలోకి పిలిచాడు. సైకిలు గోడకు ఆనించి ఉంది, చెంబు దానికే ఉంది.

"కడుపు జబ్బన్నది అబద్ధం పాపా" అన్నాడు.

"తెలుసు సార్."

"చిన్నప్పుడు మీ తట్టు పిల్లోళ్ళతో ఆడుకొని ఇంటికి పోతే, మా అమ్మ వాకిట్లోనే నిలబెట్టి తలమీద చల్లనీళ్ళు కుమ్మరించేది. చలికాలం గూడా. అదంతా తప్పని నాకు ఇరవై యేండ్లకే తెలిసిపోయింది. బుద్ధికి తెలిసింది. ఈ చేతికి ఇంకా చలి పోలేదు." ఆ చెయ్యిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. "నీ నోటితో ఒక మాట చెప్పు. మంచేదో తెలిసి గూడా చెయ్యనోడికి, అది నిజంగా తెలిసినట్టా, తెలియనట్టా?"

నాలో కోపం ఇంకా పచ్చిగానే ఉంది. "తెలియనట్టే సార్" అన్నాను.

"అయితే నేను ముప్పై యేండ్లుగా తెలియందాన్ని పాఠం చెప్తాండా" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. సైకిలు తీసుకొని రెండడుగులు వేసి ఆగి, "మీ ఇంటికి వస్తా పాపా. మీ అమ్మ చేతి నీళ్ళు తాగుతా. మాట" అన్నాడు.

ఆ మాటను నేను పట్టించుకోలేదని చెప్పుకునేదాన్ని. అబద్ధం. ఆళ్ళగడ్డలో పేట బళ్ళోనే నాకు ఉద్యోగమైంది. బడి వదిలి ఇంటికొచ్చిన ప్రతి సాయంత్రం నీళ్ళకుండ కడిగి, గ్లాసు ముగ్గుతో తోమి బోర్లించేదాన్ని. ఆయన వస్తాడా, వస్తే ఆ చెయ్యి లేస్తుందా అన్నదే నాకు కావలసింది. ఆ ఒక్క గుక్కతో నేను నేర్చుకున్నదంతా నిజమవుతుంది, లేకపోతే నాలుగు సుద్దముక్కలే మిగులుతాయి. పిచ్చిగా ఉంటుంది చెప్తే, కానీ అట్లాగే అనుకున్నాను.

యాభైఏడులో వచ్చాడు. చెప్పాపెట్టకుండా, ఒక ఆదివారం, ప్రార్థన ముగిసి గుడి వదిలిన కాసేపటికి. బస్సు దిగి పేటలోకి నడిచి వచ్చాడు. పేటంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది. ఆయన చేతిలో చెంబు లేదు. నేను మొదట చూసింది అదే.

అమ్మ కొత్త చాప పరిచి, గోడకు అతుక్కుపోయి నిలబడింది. ఆయన చాపమీద కూర్చొని, చెమట తుడుచుకొని, పాఠం అప్పజెప్పే పిల్లవాడి గొంతుతో, "అమ్మా, మీ ఇంట్లో నీళ్ళు తాగను వచ్చినా" అన్నాడు.

నేను కుండ దగ్గరే ఉన్నాను. గ్లాసు చేతికందే దూరంలో ఉంది. ముంచి ఇవ్వడానికి వంగబోతూ ఆయన చెయ్యి చూశాను. మోకాలి మీద పెట్టుకున్న కుడిచెయ్యి వణుకుతోంది. నేను తలెత్తి చూసేసరికి అమ్మ ఇంట్లో లేదు.

వీధి మొదట్లో ఉన్న అంగడికి పరుగెత్తి గోలీసోడా తెచ్చింది. తన కొంగుతో సీసా మూతి తుడవబోయి, తమాయించుకొని, చెయ్యి వెనక్కి తీసుకుంది. సీసాను ఆయన ముందు నేల మీద పెట్టి, "అంగట్లోది సామీ. మా చెయ్యి పల్లేదు. తాగు" అంది.

సోడాకు అంటు లేదు. ఊరివాళ్ళు పేటకు ఓట్లకో పంచాయితీకో వస్తే మావాళ్ళు చేసే మర్యాద అదే. పెద్దమనిషిని ఇరుకున పెట్టకూడదని మాకు పుట్టుకతోనే నేర్పుతారు. ఆయన సీసా వైపు చూశాడు, నా వైపు చూశాడు, కుండ వైపు చూశాడు. నేను నీళ్ళు ముంచలేదు. సార్, అది కాదు, ఇవీ నీళ్ళు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తనంతట తానే అడగాలని నా పంతం. లేకపోతే ఎట్లా ఓడిపోతాడో చూద్దామన్న కసి. రెండూ ఉన్నాయి, ఏది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

గోలీ లోపలికి నొక్కి, సోడా తాగాడు. చెయ్యి చక్కగా లేచింది. తాగుతుంటే ఆయన ముఖంలో కనిపించిన ఊరటను నేను మరిచిపోలేను. సీసా కింద పెట్టాక ఆ ఊరట కరిగిపోవడం కూడా చూశాను. లేచి, "ఇంకోతూరి వస్తా పాపా" అన్నాడు. మళ్ళీ రాలేదు.

ఆయన అటు పోయాక నేను అమ్మ మీద పడ్డాను. "నీళ్ళు అడిగితే సోడా యెందుకు తెచ్చినావు? ఆయప్ప నీళ్ళకోసమే వచ్చినాడు. అంతదూరం నుంచి వచ్చినాడు."

అమ్మ చాప చుట్టుకుంటూ, "ఆయప్ప చెయ్యి వణకతాండె, నువ్వు చూల్లేదా?" అంది.

"చూసినా."

"నేనూ చూసినా. చూసి గూడా పొయ్యమంటావా? మనింటికొచ్చినోణ్ణి యాడన్నా యేడిపిస్తారా?"

ఆయన మూడు జట్లలో దేంట్లోకీ అమ్మ రాదు. జాలిపడింది, అంతే. ఆ జాలి ఆయనకు ఉన్న ఒక్క అవకాశాన్నీ తీసేసింది. అయినా అమ్మను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

అరవైలో ఆయనకు పక్షవాతం వచ్చిందని విన్నాను. అప్పటికి ఉద్యోగం మానుకొని సొంత పల్లెకు వచ్చేశాడు. ఒక ఆదివారం బస్సులో ఉయ్యాలవాడదాకా పోయి, అక్కడినుంచి నడిచాను. జాలితో పోయానంటే మీరు నమ్ముతారు గానీ అది నిజం కాదు. ఆ నీళ్ళ సంగతి తేలకుండా ఆయన పోతాడేమోనని భయపడి పోయాను.

రాళ్ళమిద్దె. పంచలో నులకమంచం మీద పడుకోబెట్టారు. నేను మెట్ల కింద నిలబడ్డాను. ఎక్కమని ఎవరూ అనలేదు, ఎక్కొద్దని కూడా ఎవరూ అనలేదు. కోడలు మంచి మనిషి. "మామా, నీ కాడ చదువుకున్న పాప వచ్చింది" అని చెవిలో చెప్పి, పొయ్యి మీద ఏదో పొంగుతోందని లోపలికి పోయింది. పశువుల కొట్టం దగ్గర ఇద్దరు మనుషులు పశువుల మేతకు జొన్నదంటు కోస్తున్నారు.

నోరు ఎడమకు లాగేసింది. కుడిచెయ్యి దుప్పటి మీద చచ్చుబడి ఉంది. కళ్ళు మటుకు అవే కళ్ళు. నన్ను గుర్తుపట్టాడు. పెదవులు కదిలాయి. మొదట అర్థం కాలేదు. మళ్ళీ కదిలాయి.

"నీళ్ళు."

మంచం పక్కన స్టూలు మీద ఆ ఇత్తడి చెంబే ఉంది. పక్కన చిన్న గ్లాసు. రెండు మెట్లెక్కితే చాలు. ముంచి ఆ నోట్లో పొయ్యడానికి ఎంతసేపు పడుతుంది? దాహమన్నవాడికి నీళ్ళివ్వడం నా పని. ఇస్తే మేలే, ఎవరికీ కీడు లేదు. ఇవ్వకపోతే నేనెట్లాంటి మనిషినో నాకు తెలుసు. మూడు జట్లూ ఒక్క మాటమీద ఉన్నాయి. ఆయన చూపు నా ముఖం మీద లేదు, నా చేతి మీద ఉంది. ఆయనకు నిజంగా దాహమేసిందో, నన్ను అడుగుతున్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

కొట్టం దగ్గర దంటు కోసే చప్పుడు ఆగింది. ఆ ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. వాళ్ళు ఏమీ అని ఉండకపోవచ్చు. చెంబును మట్టితో తోమి, నిప్పు మీద కాల్చి ఊరుకునేవాళ్ళేమో. నేను టీచరును, ఇరవైఅయిదేళ్ళ దాన్ని, ఎవరికీ జడవనని పేరున్నదాన్ని. నిలబడే ఉన్నాను. నా చెయ్యి లేవలేదు.

కోడలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన పెదవులు చూసి, "దప్పికయితాందా మామా" అని గ్లాసుతో కొంచెం కొంచెంగా పోసింది. సగం దిండు మీదికి కారిపోయింది. ఆయన మింగుతూ కూడా నన్నే చూస్తున్నాడు.

తర్వాత ఆమె నా వైపు తిరిగింది. ముఖం నిండా ఆదరం. "ఎండన పడి నడిచొచ్చినావు. గొంతు ఆరిపోయింటాది. నీళ్ళు పోస్తా, దోసిలి పట్టు మే" అని ఇంకో చెంబు తెచ్చి, మెట్టు అంచున నిలబడి, పైనుంచి వంచింది.

నేను ఆలోచించలేదు. ఏ జట్టునూ అడగలేదు. నా రెండు చేతులూ వాటంతట అవే లేచాయి. ఆయన చూస్తుండగానే వంగి దోసిలి పట్టి, ఆ నీళ్ళు కడుపునిండా తాగాను.